చింతపండుతో తోమిన కన్ను

“అత్తయ్యా, నా కన్నెక్కడ?”

ప్రసూన అడగడం ఇది మూడోసారి. దండెం మీద మడిబట్ట ఆరేస్తున్న సుబ్బరావమ్మ మొదటి రెండుసార్లూ వినిపించుకోలేదు. మూడోసారి కూడా వినిపించుకునే ఉద్దేశం లేదని ఆవిడ వీపు చూస్తేనే తెలుస్తోంది.

తెల్లవారితే పెళ్ళి. సుబ్బరావమ్మ ఆఖరి కూతురు బాలత్రిపురసుందరి పెళ్ళి. పొదిలి నుంచి మగపెళ్ళివారు సాయంత్రానికల్లా దిగుతారు. ముందు పందిరి, వెనక గాడిపొయ్యి, మధ్యలో చుట్టాలు. ఇంత సందట్లో పెద్దకోడలి కన్ను పోయింది.

అసలు కన్ను పోయి ఏడాది దాటింది. ఇప్పుడు పోయింది మద్రాసులో పెట్టించుకొచ్చిన ప్లాస్టిక్ కన్ను.

“గూట్లో గిన్నెలో నీళ్ళు పోసి పెట్టాను. పొద్దున లేచి చూస్తే గిన్నె ఉంది, కన్ను లేదు,” అంది ప్రసూన. ఎడమకంటి మీదికి కొంగు లాక్కుని ఉంది.

చుట్టాలకి ఇంతకన్నా కాలక్షేపం ఏం కావాలి? చాపలు దులిపారు. బియ్యం బస్తాలు జరిపారు. పళ్ళాలు ఎత్తి చూశారు. ఒకావిడ చీర కుచ్చెళ్ళు పైకెత్తి పట్టుకుని, తేలు దూరిన గదిలో నడిచినట్టు మునివేళ్ళ మీద నడిచింది.

“చూసుకుని అడుగెయ్యండర్రా, కాలికింద పడితే టప్పుమంటుంది,” అన్నాడు మరిది త్యాగరాజు. నలుగురు నవ్వారు.

త్యాగరాజు భార్య భ్రమరాంబ పిల్లని చంకనేసుకుని వచ్చింది. “ఎలక ఎత్తుకుపోయిందేమో అక్కయ్యా. కొబ్బరిముక్క అనుకుని ఉంటుంది.”

ఆ మాటకి ఇంకా గట్టిగా నవ్వారు. తన మొహంలో ఉండవలసిన వస్తువు కోసం ఇంతమంది చీపుళ్ళు పట్టుకుని మూలమూలలా వెతకడం, అది దొరికితే ఎవరు ముట్టుకోవాలని ఒకళ్ళనొకళ్ళు తోసుకోవడం. ప్రసూనకి అసహ్యం వేసింది. వాళ్ళ మీదో, తన మీదో కూడా తెలియలేదు.

ఆ కన్ను ఇంటికొచ్చిన నాటినుంచీ దానికి సుబ్బరావమ్మ ఒక పద్ధతి పెట్టింది. వీధివైపు వెళితే ప్రసూన కన్ను పెట్టుకుని తీరాలి. బడికి బయల్దేరే మొగుడికి, పొలానికి వెళ్ళే మరిదికి ఒంటికన్నుతో ఎదురొస్తే ఆ పూట వాళ్ళ పని చెడుతుంది కాబట్టి. వంటింటివైపు వెళితే తీసి తీరాలి. ఏ కులంవాడు చేశాడో తెలియని వస్తువు మడిలోకి రాకూడదు కాబట్టి. వాకిట్లో పాలు పోయించుకోవడానికి పెట్టుకోవాలి, ఆ పాలు కాచడానికి తీయాలి. కూరలమ్మి వస్తే పెట్టుకోవాలి, కూర తరగడానికి తీయాలి. రోజుకి ఎన్నిసార్లని లెక్క లేదు. రెప్పల లోపల పుండు పడి రసి కారేది. దాన్ని చూసి సుబ్బరావమ్మ మొహం చిట్లించి, “ఆ కంపు ఏమిటే,” అనేది.

అయినా ప్రసూన నోరెత్తలేదు. ఒక్క పని కోసం ఓర్చుకుంది. మామగారు లేరు. సుబ్బరావమ్మ పూర్వసువాసిని, పీటల మీదికి రాకూడదు. కాబట్టి రేపు బాలని కన్యాదానం చేయవలసింది పెద్దకొడుకు శేషాచలం, అతని పక్కన చెంబుతో నీళ్ళు పోయవలసింది అతని భార్య ప్రసూన. తను బాపట్ల పుట్టింటి నుంచి కాపరానికి వచ్చేనాటికి బాల ఇంకా తప్పటడుగులు వేస్తోంది. పిల్లలు లేని ప్రసూనకి బాలే పిల్ల అయింది. ఆ పిల్ల చేతిని ఇంకొకరి చేతిలో పెట్టేటప్పుడు ఆ నీటిధార తన చేతిమీదుగా పడాలి. అంతకన్నా ఆ ఇంట్లో ఆమె ఏదీ అడగలేదు.

ఒంటికన్నుతో నీళ్ళు పోయడం చూసేవాళ్ళు అనుకున్నంత తేలిక కాదు. ఏది దగ్గరో ఏది దూరమో తెలియదు. మొదట్లో మజ్జిగ పోస్తే గ్లాసు పక్కన పడేది. నెలరోజులుగా ఎవరూ చూడకుండా నూతిగట్టు దగ్గర చెంబుతో తన ఎడమ అరచేతిలోకే నీళ్ళు పోసుకుని అలవాటు చేసుకుంది. ఇప్పుడు చుక్క పక్కకి పోదు.

“ఇక ఆపండర్రా మీ వెతుకులాట,” అంది సుబ్బరావమ్మ ఎట్టకేలకు ఇటు తిరిగి. “అది ఎక్కడికీ పోలేదు. శుద్ధికి పెట్టాను.”

“శుద్ధికా?”

“ఆఁ. రేపు అగ్నిహోత్రం ముందు కూచోవాల్సినదానివి. ఆ మైలముక్క మొహాన పెట్టుకుని కూచుంటావా? ఎవడు పోతపోశాడో, ఎవత్తె కడిగిందో. ఆ నర్సు పేరేమిటన్నావ్? రెబ్కా కదూ. ఆవిడ వేళ్ళు పెట్టి మరీ చూపించిందిట, ఎలా పెట్టుకోవాలో. వింటేనే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.”

ఆవిడ తులసికోట పక్కనుంచి ఇత్తడిచెంబు తెచ్చి మూత తీసింది. పసుపు కలిపిన ఆవు పంచితం. వాసన గుప్పుమంది. చేత్తో ముట్టుకోకుండా, కొబ్బరిచిప్ప గరిటెతో అడుగున కెలికి, కన్ను పైకి తీసి అరిటాకు ముక్కమీద వేసింది.

కన్ను పచ్చబడింది. మాటిమాటికీ తీసి పెట్టడంతో దానిమీద సన్నసన్నని గీతలు పడి ఉన్నాయి. ఆ గీతల్లోకి పసుపు ఇంకి, తెల్లగా ఉండవలసిన చోటంతా చిక్కటి పచ్చరంగు పట్టేసింది.

“అచ్చం కామెర్లొచ్చినట్టుందమ్మా,” అంది భ్రమరాంబ.

ప్రసూన దాన్ని నూతిదగ్గరికి పట్టుకెళ్ళి సబ్బుతో కడిగింది. మళ్ళీ కడిగింది. రంగు వదలలేదు. “శాస్త్రిగారు నాలుగు చుక్కలు చిలకరిస్తే చాలన్నారు కదండీ,” అంది.

“చిలకరిస్తే పైపైన పోతుంది. లోపలి మైల ఎలా పోతుంది? రాత్రంతా నానితేగానీ!” సుబ్బరావమ్మ చెంబులోది తులసికోటకి దూరంగా పారబోసింది. “అయినా నా బుద్ధి తక్కువ. పీటల మీద కూచునేది నేనా? నాకా రాత ఉందా? కూచునేవాళ్ళన్నా శుద్ధిగా కూచోవాలని నేను తాపత్రయపడ్డాను చూడు, నన్ననాలి.”

ప్రసూన కన్నుని నూతిగట్టు మీదే వదిలేసింది. కొంగు చెంపమీదికి లాక్కుని ముందుగదిలోకి నడిచింది.

శేషాచలం హైస్కూల్లో లెక్కల మాస్టారు. ముందుగదిలో చాపమీద కూర్చుని తమలపాకులు తుడుస్తున్నాడు. గుమ్మంలో భార్యని చూసి తల దించుకుని మరింత శ్రద్ధగా తుడవసాగాడు.

“ఏమండీ, ఒక్కసారి పెరట్లోకి రండి.”

“ఇప్పుడా? విడిదింట్లో మంచాలు వేశారో లేదో చూసిరావాలి.”

“మీ అమ్మగారు నా కన్ను పంచితంలో నానేశారు.”

శేషాచలం ఎవరన్నా విన్నారేమోనని అటూ ఇటూ చూశాడు. “మెల్లిగా. కడిగితే పోతుందిలే.”

“పోలేదు. పసుపు పట్టేసింది.”

“సరే, ఈ రెండురోజులూ సర్దుకో. పెళ్ళి కానీ, మళ్ళీ మద్రాసు వెళదాం.”

“పచ్చకన్ను పెట్టుకుని పీటల మీద కూచోనా?”

“తల వంచుకునే కదా కూచుంటావు, ఎవరు చూడొచ్చారు? నీకు ఎడంవైపు నేనే ఉంటాను. నేను తప్ప ఎవరికీ కనపడదు.”

“మీరు చూడరా?”

అతను ఆకు ఈనె తుంచాడు. ఆపరేషన్ అయిన నాటినుంచీ అతను ఆమె మొహంకేసి నేరుగా చూసింది లేదు. ఆమె భుజంతో మాట్లాడతాడు. ఆమె వెనక గోడతో మాట్లాడతాడు. రాత్రిళ్ళు అటు తిరిగి పడుకుంటాడు. అదేమంటే, “నీకు బాధగా ఉంటుందని,” అంటాడు. అతగాడి సున్నితం అలాంటిది!

కిందటేడు కారం కొడుతుంటే రోకటి దెబ్బకి మిరపగింజ ఎగిరి ప్రసూన కంట్లో పడింది. సుబ్బరావమ్మ తనకి తెలిసిన వైద్యమంతా చేసింది. బాలెంతరాలు భ్రమరాంబ చేత చనుబాలు పిండించింది. నందివర్ధనం పూల రసం పోసింది. ఆముదం పట్టీ వేసింది. కన్ను చీము పట్టి ఉబ్బిపోతుంటే, “గుంటూరు తీసుకెళ్ళండి, మీకు పుణ్యముంటుంది,” అని ప్రసూన మొగుడి కాళ్ళు పట్టుకుంది. “అమ్మకి తెలుసు,” అన్నాడు శేషాచలం. అమ్మకి ఏం తెలుసో ఆ తరవాత గుంటూరు డాక్టరు చెప్పాడు. ఇక ఆ కంటితో పనిలేదనీ, తీసెయ్యకపోతే రెండోది కూడా దక్కదనీ.

మద్రాసులో కన్ను చేసినతను ముసలివాడు. ఆమెని కిటికీ పక్కన వెలుతురులో కూర్చోబెట్టి, పొద్దుటినుంచీ మధ్యాహ్నందాకా ఆమె కుడికంట్లోకి చూస్తూ సన్నటి కుంచెతో రంగులు వేశాడు. “నీ కంట్లో అంచున కాస్త తేనెరంగు ఉందమ్మా. అది రావాలి,” అన్నాడు. పదిహేనేళ్ళు కాపరం చేసిన మనిషికి ఆ సంగతి తెలుసా అని ఆమెకి అప్పుడే అనుమానం వచ్చింది. రెబ్కా అనే ఆ నర్సు గుంటూరు పిల్ల. తెలుగు మాట వినపడగానే పరుగెత్తుకొచ్చి పక్కన కూర్చుంది. “మాటిమాటికీ తీయకండమ్మగారూ. పడుకున్నా ఉంచుకోవచ్చు. తీసినప్పుడు సబ్బుతో చేతులు కడుక్కుని, మామూలు నీళ్ళతోనే కడగండి. గరుకైనవేవీ తగలనివ్వద్దు. గీతపడితే లోపల పుండవుద్ది,” అని పాపం ఎన్నిసార్లు చెప్పిందో. కన్ను పెట్టి అద్దం చూపిస్తే ప్రసూనకి తన మొహం తనకి తిరిగొచ్చినట్టయింది. ఆ రోజు ఏడ్చింది. రెండు కళ్ళూ తడిశాయి.

పెరట్లోంచి గరగరమని చప్పుడు వినిపించింది.

ఆ చప్పుడు ఆ ఇంట్లో ప్రతి సాయంత్రం వినిపించేదే. ఇత్తడి గిన్నెలు తోమే చప్పుడు. కానీ ఇవాళ గిన్నెలు తోమేందుకు పనిమనుషులు వేరే ఉన్నారు. ప్రసూన పెరట్లోకి పరుగెత్తింది.

నూతిగట్టు మీద సుబ్బరావమ్మ కూర్చుని ఉంది. ఎదురుగా చింతపండు ముద్ద, ముగ్గుపిండి, కొబ్బరిపీచు. వేళ్ళకి అరిటాకు చుట్టుకుని, చిలుంపట్టిన గంటని తోమినట్టు, కన్నుని పట్టుకుని తోముతోంది.

“అత్తయ్యా!”

“అరవకు. వదులుతోంది. సగానికి సగం వదిలింది చూడు,” అని ఆవిడ నీళ్ళు పోసి ఎత్తి చూపించింది. ఆవిడ మొహంలో నిజంగానే సంతోషం ఉంది. పాడుచేసింది తనే, బాగుచేసిందీ తనే.

పసుపు కొంత వదిలింది. దాంతోపాటు మెరుపు వదిలింది. నల్లగుడ్డు చుట్టూ ఆ ముసలివాడు పూటంతా కూర్చుని వేసిన తేనెరంగు మీద పొర కమ్మినట్టు తెల్లటి గరుకు లేచింది. ఒక అంచున చిన్న పెచ్చు ఊడింది.

“పెట్టుకో,” అంది సుబ్బరావమ్మ.

చుట్టాలు గుమ్మాల్లో నిలబడ్డారు. వెనకనే వచ్చిన శేషాచలం అరటిబోదె పక్కన ఆగిపోయాడు. ప్రసూన అతనికేసి చూసింది.

“గరుకైంది పెట్టుకోవద్దన్నారు. పుండవుతుందన్నారు. మీరూ విన్నారు,” అంది.

శేషాచలం గొంతు సవరించుకున్నాడు. “పోనీ... ఒక్కసారి పెట్టి చూడు ప్రసూనా. రేపటి పూటేగా.”

“వద్దనుకుంటే మానెయ్,” అంది సుబ్బరావమ్మ. “బలవంతం ఏముంది? త్యాగరాజూ భ్రమరాంబా కూచుంటారు. వాళ్ళకీ చెల్లెలేగా అది.”

“నాకభ్యంతరం లేదక్కయ్యా,” అంది భ్రమరాంబ వెంటనే. మరీ వెంటనే అంది. పట్టుచీర ఏది కట్టుకోవాలో కూడా ఆ క్షణాన ఆలోచించేసుకున్నట్టుంది.

ప్రసూనకి అర్థమైంది. పెట్టుకుంటే నీళ్ళచెంబు తనది. పెట్టుకోకపోతే భ్రమరాంబది. ఆమె చేతులు కడుక్కుంది. కన్ను కడిగింది. అందరూ చూస్తుండగా పైరెప్ప ఎత్తి లోపలికి తోసింది.

పచ్చిపుండు మీద చింతపండు పులుసు. పెచ్చు ఊడిన అంచు లోపల గోరులా గీరింది. కళ్ళవెంట, ముక్కువెంట నీళ్ళు ధారలు కట్టాయి. అయినా నూతిగట్టు పట్టుకుని నిలబడింది. “ఓర్చుకో, ఓర్చుకో, అదే సర్దుకుంటుంది,” అంటోంది సుబ్బరావమ్మ. ఎవరో అద్దం తెచ్చి ఎదురుగా పట్టుకున్నారు.

ప్రసూన అద్దంలోకి చూసింది. కుడివైపు తన కన్ను. ఎడమవైపు ఉడికిన చేపకన్ను. దానికింద ఎరుపు చార చెంపమీదికి దిగుతోంది. చుట్టాల్లో ఒకావిడ ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంది. శేషాచలం అరటిబోదె వైపు తిరిగిపోయాడు.

ఆ తిరగడం ఆమె అద్దంలోనే చూసింది. అంతే. ఒంగి, కన్ను తీసేసి, నూతిపళ్ళెంలో వాంతి చేసుకుంది.

“శుభమా అని పెళ్ళవుతుంటే ఇదేం పనే!” అంది సుబ్బరావమ్మ.

ప్రసూన నోరు కడుక్కుంది. కన్నుని అరిటాకు ముక్కలో పెట్టి అత్తగారి ముందు ఉంచింది. “ఇది మీరు శుద్ధి చేసింది. మీరే ఉంచుకోండి. నాకు అక్కర్లేదు.”

“అంటే? పీటల మీద కూచోవా?”

“కూచుంటాను. ఇలాగే కూచుంటాను.”

“ఒంటికన్నుతోనా? మంత్రాల మధ్య ఆ గుంట చూపిస్తూనా?” సుబ్బరావమ్మ గొంతు ఒక్కసారిగా చీలిపోయింది. “మీ మామగారు పోయిన మర్నాటి నుంచీ నన్ను ఏ శుభానికీ ఎదురు రానివ్వలేదే. కన్నకూతురి పెళ్ళి తలుపుచాటు నుంచి చూస్తున్నాను. అప్పుడు ఒక్కళ్ళన్నా అడ్డం వచ్చారా? నువ్వొచ్చావా? నాకు లేనిది నీకెక్కడినుంచి వస్తుంది?”

నిజమే, ప్రసూన అడ్డం రాలేదు. ఒక్క నిమిషం ఆ ముసలావిడ మీద జాలేసింది. మరుక్షణం ఆవిడ వేళ్ళకి అంటిన చింతపండు చూడగానే ఆ జాలి చప్పున ఆరిపోయింది.

తాము పడ్డ అవస్థని తమతోటివాళ్ళకి అంటగట్టేదాకా కొందరికి నిద్రపట్టదు. అలాంటివాళ్ళనే ఇంటికి పెద్దదిక్కు అంటారు.

నడిమింట్లో బాల నలుగు పెట్టించుకుని, తలంటుకుని కూర్చుంది. జుట్టు ఆరబోసుకుని ఉంది. ప్రసూన లోపలికి రాగానే లేచి కావలించుకుంది. పెరట్లో మాటలన్నీ విన్నట్టుంది.

“వదినా, నువ్వు పోస్తేనే నీళ్ళు. లేకపోతే నేను చెయ్యి చాపను,” అంది.

“తప్పమ్మా, అలా అనకూడదు.”

“అంటాను. నాకు జడ వేసింది నువ్వు. జ్వరమొస్తే పక్కలో పడుకుంది నువ్వు. ఆ చిన్నొదిన ఎవరు నాకు? అన్నయ్య నోరు మూసుకుంటే మూసుకోనీ, నేను చెబుతాను అందరిముందూ.”

ఆ పిల్ల వేళ్ళు ప్రసూన ఎడమరెప్పని మెల్లిగా తుడిచాయి. ఏడాదిగా ఆ ఇంట్లో ఎవరూ ముట్టుకోని చోటు అది. ప్రసూనకి ఒళ్ళంతా తేలికైంది. మొగుడు లేకపోతే పోయాడు, అత్తగారు లేకపోతే పోయింది. ఈ పిల్ల ఉంది, చాలు అనుకుంది. కొంగు చెంపమీదనుంచి తీసి బొడ్లో దోపింది.

అప్పుడే వీధిలో హారను మోగింది. సాయంత్రం రావలసిన పొదిలి బస్సు అనుకున్నదానికన్నా ముందే వచ్చేసింది.

ఇల్లంతా గగ్గోలు. ఎదురు వెళ్ళి పానకం ఇవ్వవలసిన భ్రమరాంబ తడిజుట్టుతో ఉంది. త్యాగరాజు చొక్కా దొరకక కేకలు పెడుతున్నాడు. సన్నాయివాళ్ళు ఎటో టీకి వెళ్ళారు. మగపెళ్ళివారు దిగి వీధిలో నిలబడితే ఎంత అప్రతిష్ట! పానకం బిందె గుమ్మం పక్కనే ఉంది. ప్రసూన రెండో ఆలోచన లేకుండా గ్లాసులో పానకం ముంచుకుని పందిట్లోకి నడిచింది. వెనకనుంచి, “ఆగవే, ఆగు!” అని అత్తగారి గొంతు వినపడింది. ఆగలేదు. కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయల ఘాటు గాలికి కొట్టుకొచ్చి ఎడమరెప్ప మండింది. అయినా కొంగు అడ్డం పెట్టుకోలేదు.

అందరికన్నా ముందు పెళ్ళికొడుకు తల్లి దిగింది. నిలువెత్తు మనిషి, మెడనిండా నగలు. ప్రసూన మొహం చూసి మెట్టుమీదే ఆగిపోయింది.

“ఎవరీవిడ? పెళ్ళిచూపులప్పుడు కనపడలేదే?”

అప్పుడు ప్రసూన గుంటూరు ఆసుపత్రిలో ఉంది. ఆ సంగతి పొదిలివాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

తలుపుచాటు నుంచి సుబ్బరావమ్మ గొంతు పలికింది. “వంటావిడ వదినగారూ! పాపం, కన్ను పోయి దిక్కులేకుండా ఉంటే చేరదీశాం. తెలివితక్కువది, అడక్కుండానే వచ్చేసింది. ఏమే, లోపలికి రా!”

“బాగానే ఉంది. శుభమా అని దిగుతుంటే ఎదురు పంపడానికి ఈవిడే దొరికిందా?” అని ఆవిడ గ్లాసు వైపు చెయ్యి చాపలేదు.

“నేను వంటావిడని కాదండీ,” అంది ప్రసూన. “ఈ ఇంటి పెద్దకోడల్ని. రేపు మీ అబ్బాయి చేతిలో నీళ్ళు పోసేది నేనే.”

చొక్కా గుండీలు పెట్టుకుంటూ పరుగెత్తుకొచ్చిన శేషాచలం వైపు తిరిగింది పెళ్ళికొడుకు తల్లి. “ఏమిటి మాస్టారూ ఇది? ఈవిడ మీ భార్యా?”

“ఎండనపడి వచ్చారు... ముందు లోపలికి దయచేయండి, కాళ్ళు కడుక్కుని...”

“అడిగినదానికి చెప్పండి.”

శేషాచలం పందిరిగుంజ పట్టుకున్నాడు. దానికి కట్టిన మామిడాకులు సరిగ్గా ఉన్నాయో లేదో చూశాడు. ప్రసూనకి ఆశ్చర్యం వెయ్యలేదు. వాంతి వచ్చినంత అసహ్యం మాత్రం మళ్ళీ వేసింది.

“సరే, మీరెవరూ చెప్పద్దు,” అంది పెళ్ళికొడుకు తల్లి. గుమ్మంలో జుట్టు విరబోసుకుని నిలబడ్డ బాల ఆవిడ కంటపడింది. “ఇలా రామ్మా. రేపు మా ఇంటికి రావలసిన పిల్లవి, నాతో అబద్ధమాడవు. నువ్వు చెప్పు. ఈవిడెవరు?”

ప్రసూన గుండె కుదుటపడింది. నవ్వు కూడా వచ్చింది. ఇక ఫరవాలేదు అనుకుంది.

బాల తలుపుచాటున ఉన్న తల్లిని చూసింది. అన్నని చూసింది. మళ్ళీ బస్సెక్కడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడ్డ పొదిలివాళ్ళని చూసింది. ప్రసూనని ఒక్కదాన్నే చూడలేదు.

“వంటావిడ అత్తయ్యగారూ,” అంది తల వంచుకుని.

ప్రసూన చేతిలో గ్లాసు అరుగుమీద పెట్టింది. నడుము చుట్టూ కొంగు బిగించి, శేషాచలం ఎదురుగా వెళ్ళి నిలబడింది. అతను మొహం తిప్పుకోవడానికి వీల్లేనంత దగ్గరగా నిలబడింది. కుడిచెయ్యి చాపింది.

“అయితే నా జీతం ఇప్పించండి బాబుగారూ. ఇన్నేళ్ళదీ ఒక్కసారే ఇచ్చెయ్యండి. బాపట్ల బస్సు వెళ్ళిపోతుంది.”